తైఖానాలో కొండ

శ్రీశైలం ఊరికే రాడు. మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు. సంతోష్‌నగర్‌లో నేనుండే ఇంటి గేటు అతను తీశాడంటే దాని వెనక ఏదో పని ఉన్నట్టే. మొన్న సంచినిండా సీతాఫలాలు పట్టుకుని వచ్చాడు. పని పెద్దదేనని అప్పుడే అనుకున్నాను. తలుపు కన్నంలోంచి చూసి, చూసినట్టు తెలియకుండా కాసేపు ఆగి, తర్వాత గొళ్ళెం తీశాను. నా పిల్లలు నన్ను సీసీ కెమెరా అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. కరివేపాకు ఊరికే వేసే కూరగాయలవాణ్ణి కూడా నేను నమ్మను, తూకంలో ఎంతో కొంత మిగుల్చుకునే ఉంటాడు. ఈ గుణం నాకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. మా ఇంట్లో అన్నంతోపాటు అనుమానం కూడా వండి, చిన్నా పెద్దా అందరికీ సమంగా వడ్డించేవాళ్ళు.

శ్రీశైలం టీ తాగాడు. పిల్లల సంగతి అడిగాడు. నా మోకాళ్ళ నొప్పి సంగతి కూడా అడిగేసరికి నా అనుమానం ఇంకా బలపడింది. చివరికి కప్పు కింద పెట్టి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఛత్రినాక ఇల్లు ఇగ రెండు రోజులే. బిల్డర్ మనుషులు వచ్చి పడగొడ్తరు. నీ దిక్కు, నా దిక్కు, మొత్తం."

"ఎరుకే గద. ఇద్దరం ఒప్పుకున్నదే."

"గది కాదు. ఒక్క మాట అడుగుత, గుస్సా చెయ్యకు. పెద్దబాపుకు తైఖానల నిజంగ ఏం దొరకలేదా?"

పెద్దబాపు అంటే మా బాపు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ మాట ఆయన్ని మొట్టమొదట అడిగిన చిన్నాయన కూడా పోయాడు. ఇద్దరూ పోయినా ప్రశ్న మాత్రం చావలేదు. ఇదిగో, సీతాఫలాలు పట్టుకుని నా ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంది. నాకు కోపం రాలేదు. "దొరకలేదు" అన్నాను. "ఒట్టేస్తవా?" అన్నాడు. నోరు తెరిచాను గానీ ఒట్టు మాట బయటికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఆ ఇంటి సంగతి, ఒక రైలు సంగతి చెప్పాలి.

మా ఇల్లు ఛత్రినాక గల్లీలకన్నా పాతది. ఎవరో జాగీర్దారుకు ఎండాకాలపు విడిదిగా ఉండేదట. మా తాత కొనేనాటికి సగం కూలిపోయి, మిగతా సగంలో పావురాలు కాపురం ఉన్నాయట. ఆ మిగిలిన సగం కింద ఒక పెద్ద గది ఉండేది. దాన్నే మేం తైఖానా అనేవాళ్ళం. రాతి మెట్లు దిగి వెళ్ళాలి. నడిమధ్య ఒక లావుపాటి రాతి స్తంభం. ఉత్తరం గోడకు పైన వరసగా చిన్న రోషన్‌దాన్లు, వాటిలోంచి వీధిలో నడిచేవాళ్ళ చెప్పులు మాత్రం కనబడేవి. ఎండాకాలం మధ్యాహ్నం ఇల్లంతా చాపలు పట్టుకుని అక్కడికే దిగేది. చెప్పుల్ని చూసి మనిషెవరో చెప్పడం మా పిల్లల ఆట. తడి సున్నం వాసన, గోనెపట్టా వాసన, వాటిమీద చిన్నాయన దుకాణం సరుకు వాసన. కర్పూరం, ఊదుబత్తీలు, కుంకుమ బస్తాలు అక్కడే దాచేవాడు ఆయన. ఇప్పటికీ ఏ గుడిలోనైనా తడి గోడ పక్కన కర్పూరం వెలిగిస్తే నాకు నిద్ర ముంచుకొస్తుంది.

ఇక అసలు సంగతి. పాతబస్తీలో పాత ఇల్లుండి, దాని కింద లంకెబిందెలు లేవంటే వాడకట్టు ఒప్పుకోదు. మా ఇంటికీ ఆ పేరు ఉండేది. జాగీర్దారు కుటుంబం వెళ్ళిపోతూ పడమటి మూలన బంగారం పాతిపెట్టిందని, దానికి పాము కాపలా ఉందని అందరూ చెప్పేవాళ్ళు. పాముని చూసినవాళ్ళు కూడా ఉన్నారు, బంగారాన్ని చూసినవాళ్ళే లేరు. బాపమ్మ, అంటే మా బాపు వాళ్ళమ్మ, ఈ సంగతి ఒక్క దెబ్బతో తేల్చేసింది. "ఉన్నయేమో, లేవేమో. ఇంట్ల గడ్డపార దిగితే ఆ ధనం ఇంటి పెద్దకొడుకును బలి తీస్కుంటది. నా పానం ఉన్నన్ని దినాలు ఎవ్వడు తవ్వొద్దు" అని ఇద్దరు కొడుకుల చేతా తన తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. అంటే బంగారం లేదని ఆమె అనలేదు, తవ్వొద్దని మాత్రమే అంది. ఆ తేడా ఇంట్లో అందరికీ బాగా తెలుసు.

అనుమానంలో మా అందరికీ గురువు బాపమ్మే. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గేశాక దర్వాజ పక్కన గద్దె మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరించేది. చేతిలో సంచి ఉన్న మనిషి ఎవరూ ఆమెను దాటి లోపలికి పోలేరు, బయటికీ పోలేరు. పాలవాడు వస్తే పాలలో వేలు ముంచి గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసేది. నిలిచినా "ఇయ్యాల నిలిచింది" అనేది, రేపటి అనుమానం రేపటికి ఉంచుకుని. మా పిల్లల అరచేతులు పట్టుకుని వాసన చూసి, బెల్లం ఎవరు తీశారో చెప్పేది. ఆమె ముక్కు ఎప్పుడూ తప్పలేదు. అందుకే ఆమె ఒక్కసారి పొరబడితే ఇంట్లో ఎవరికీ అది తప్పనిపించలేదు.

ఆమె కొడుకులిద్దరూ ఒకే పొయ్యి మీద వండిన అన్నం తినేవాళ్ళు. బాపు సర్కారు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. మోరీలు, కల్వర్టులు, రోడ్ల వంపులు గీసేవాడు. చిన్నాయన తాత పెట్టిన పూజాసామాను దుకాణం చూసుకునేవాడు. ఆదివారం మటన్ వండితే మూలిగ బొక్క ఎవరి పళ్ళెంలో పడినా బాపు తీసి తమ్ముడి పళ్ళెంలో వేసేవాడు. చిన్నాయన దాన్ని పళ్ళెం అంచుకు టకటకా కొట్టి మూలిగ జుర్రేవాడు. అన్న రాకుండా ఆయన ముద్ద ఎత్తేవాడు కాదు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను ఎక్కువ వినలేదు, మాట్లాడుకోవలసిన అవసరం లేనంత దగ్గరగా ఉండేవాళ్ళు.

బాపుకు ఒక అలవాటు ఉండేది. పెన్సిల్‌తో గీసింది ఎవరికీ చూపించడు. ఆఫీసులో పెద్ద ఇంజనీరు అడిగినా కాగితం మీద మోచెయ్యి వేసి దాచేవాడట. "పెన్సిల్ మీదున్నప్పుడు చూపిస్తే వచ్చినోడల్లా ఒక గీత గీస్తడు బిడ్డా. సిరా పడ్డంకనే చూపియ్యాలె" అనేవాడు నాతో. పనివాడి మాటగా మంచిదే. మా కొంప ముంచింది కూడా ఈ మాటే.

ఒక గురువారం సాయంత్రం బాపు జుమ్మేరాత్ బజార్‌నుంచి గోనెపట్టాలో చుట్టిన మూట ఒకటి తెచ్చాడు. పాత సామాన్ల బజారు అది, ఏ నవాబు దేవిడీలో ఏది అమ్ముకున్నా అక్కడికే చేరుతుంది. మూట బరువుగా ఉంది, లోపల ఇనుము గణగణమంది. బాపమ్మ అడకత్తెర ఆపింది. "ఏంది కొడుకా అది?" "పాత ఇనుమమ్మా" అన్నాడు బాపు. నిజమే చెప్పాడు. ఏ నవాబు పిల్లవాడో ఆడుకుని పారేసిన సీమ బొమ్మరైలు అది. రేకు పట్టాలు, తుప్పు పట్టిన పెట్టెలు, చాబీ తిప్పితే నడిచే ఇంజను. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి బొమ్మరైలు కొన్నానని తల్లితో ఎట్లా చెబుతాడు? మర్నాడు బాపు చిన్నాయనతో తైఖానాలో సరుకు పైగదిలోకి మార్చమన్నాడు. "తేమకు కుంకుమ గడ్డ కడ్తున్నది తమ్మీ." అదీ నిజమే. కానీ ఏళ్ళ తరబడి గడ్డకడుతున్న కుంకుమ ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందని చిన్నాయన అనుకున్నాడు. నేనైనా అదే అనుకుందును. ఆ తర్వాత తైఖానా తలుపుకు తాళం పడింది.

ఆ ఎండాకాలమంతా మేం పైనే ఉడికాం. బాపు ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కిందికి దిగేవాడు. నన్ను కూడా రానివ్వలేదు. లోపలినుంచి సుత్తి చప్పుడు, రంపం చప్పుడు. బయటికి వచ్చేసరికి చేతులకు తెల్లటి పొడి. అడిగితే "జెర పనున్నది" అనేవాడు. వానలు మొదలయ్యాక ఒకరోజు నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని. మెట్ల చివర నిలబడిపోయాను. గది గోడల వెంట చుట్టూతా బల్ల, బల్ల మీద పట్టాలు, ఒక మూల గేటు, గేటు పక్కన అచ్చం మా ఇంటి దగ్గరున్నట్టే ఉప్పుగూడ స్టేషన్, పడమటి మూలన నా ఛాతీ ఎత్తు కొండ, కొండకు సొరంగం.

ఆ రైలును ఆయన ఎట్లా ఆలోచించాడో నాకు ముక్కముక్కగా చెప్పాడు. ఆయన అంత మాట్లాడగా నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. మొదట పట్టాలు వేయలేదట. ముందు నేలమీద సుద్దతో మొత్తం గీశాడు. మేకుకు సుతిలి దారం కట్టి, దాని చివర సుద్ద పట్టుకుని వంపులు తిప్పాడు. వంపు మరీ బిగువైతే వెనక పెట్టె లోపలికి ఒరిగి పడిపోతుంది, మరీ వదులైతే గది సరిపోదు. నడుమ స్తంభం ఎటూ కదలదు కాబట్టి బల్లను చుట్టూ వేసి, మధ్యలో మనిషి నిలబడేంత ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలోకి వెళ్ళాలంటే బల్ల కింద వంగి దూరాలి. "చెయ్యి అందని జాగల పట్టా ఎయ్యొద్దు. పడ్డ బండిని లేపనీకి ఎవడు పోతడు?" అనేవాడు. స్టేషను ఉత్తరం గోడకే ఉండాలి, రోషన్‌దాన్ వెలుతురు పడేది అక్కడే కనక. చాబీ తిప్పేది స్టేషన్లో. చాబీ బండి అప్పుడే తిప్పినప్పుడు బలంగా ఉంటుంది, పోనుపోను స్ప్రింగు వదులై నీరసిస్తుంది. అందుకని ఎత్తు ఎక్కేది ఏదున్నా స్టేషను దాటగానే రావాలి, దిగుడు చివర్లో రావాలి. తూర్పు మూలను మెట్లు మింగేశాయి. ఇక మిగిలింది పడమటి మూల. కొండ అక్కడ తప్ప ఇంకెక్కడ పెట్టినా రైలు సగంలోనే ఆగిపోతుంది. ఈ లెక్క చెబుతున్నప్పుడు ఆయన కళ్ళలో వెలుగు చూస్తే నాకు అసూయ వేసింది, నా మార్కులకు ఆయన ఎప్పుడూ అట్లా మురవలేదు.

బోనాల పండుగనాటికి అంతా సిద్ధం చేసి, ఇంటిల్లిపాదినీ కిందికి దింపి ఒక్కసారిగా చూపించాలని ఆయన ఆశ. ఈలోగా పైన ఏం జరుగుతోందో ఆయనకు తెలియలేదు. పట్టాల తుప్పు వదలడానికి బాపు నిమ్మకాయలు, ఉప్పు వాడాడు. రోజూ వంటింట్లోంచి నిమ్మకాయలు కిందికి పోయేవి. రంపంపొట్టును రంగులద్ది గడ్డి, మట్టి, మోదుగు పూలు చేశాడు. ఆ రంగులకు చిన్నాయన దుకాణంలోనే పసుపు, కుంకుమ అడిగి తీసుకునేవాడు. ఇప్పుడు బాపమ్మ గద్దె మీద కూర్చుని ఆలోచించండి. తాళం వేసిన తైఖానా. గురువారం వచ్చిన ఇనుప మూట. నిమ్మకాయలు, పసుపు, కుంకుమ కిందికి పోతున్నాయి. లోపలినుంచి ఠంగుఠంగుమని దెబ్బలు. కొడుకు చేతులకు సున్నం. గుప్తనిధికి పూజ చేయడానికి ఇంకేం తక్కువ? ఒక్క నల్లకోడి తక్కువ. ఆ వారమే వాడకట్టులో ఎవరిదో నల్లకోడి తప్పిపోయింది. కోడి అన్నాక తప్పిపోతుంది, పిల్లి అన్నాక తింటుంది. బాపమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "నిమ్మకాయ వాసనొస్తున్నది. కింద ఏం జేస్తున్నడు మీ బాపు?" అంది. "ఏం లేదు" అన్నాను. మాట ఇచ్చాను మరి. చిన్నపిల్ల ఏం లేదంటే ఏదో ఉన్నట్టేనని ప్రపంచంలో ఎవరికి తెలియదు?

ఆమె చిన్నాయనతో చెప్పింది. చిన్నాయన వారంపాటు ఏమీ అనలేదు. ఆదివారం భోజనాల దగ్గర బాపు అలవాటుగా మూలిగ బొక్క తీసి తమ్ముడి పళ్ళెంలో వేశాడు. చిన్నాయన దాన్ని తీసి మళ్ళీ గిన్నెలో వేశాడు.

"అన్నా, తైఖానల ఏం జేస్తున్నవ్?"

"బోనాలనాడు చూపిస్త తమ్మీ. గప్పటిదాంక ఆగు."

"ఇయ్యాల చూపియ్యి."

"ఇయ్యాల గాదు. ఇంక జెర పని మిగిలింది."

"ఏం పని? తియ్యాల్సింది మిగిలిందా, దాచాల్సింది మిగిలిందా?"

బాపు ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నవ్వాడు. నవ్వకుండా ఉంటే బాగుండేది. "పిచ్చోడా" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది, చిన్నమ్మ తల దించుకుంది, శ్రీశైలం చిన్నవాడు, అన్నం కలుపుకుంటున్నాడు. ఆ పూటే బాపు తలుపు తెరిచి ఉంటే ఇంకేమీ రాయవలసిన పని ఉండేది కాదు. కానీ కొండకు ఇంకా రంగు వేయలేదు. పెన్సిల్ మీద ఉంది. ఆయన మోచెయ్యి అడ్డం పెట్టాడు. బోనాలనాటికి బ్యాండుమేళాల గోలలో సొమ్ము ఇల్లు దాటిపోతుందని చిన్నాయన లెక్క వేసుకున్నాడు.

పండుగనాడు అమ్మా చిన్నమ్మా బోనాలు ఎత్తుకుని వచ్చాక, చుట్టాలంతా తిని కూర్చున్నాక, బాపు కొత్త ధోవతి కట్టుకుని తైఖానా తలుపు తీశాడు. అందరం దిగాం. నేను బల్ల కింద దూరి మధ్యలో నిలబడ్డాను, పట్టాలు మార్చే కాంటా లాగడం నా పని. బాపు చాబీ తిప్పి వదిలాడు. రైలు ఉప్పుగూడ గేటు దాటింది, చరచరా ఎత్తెక్కింది, సొరంగంలో మాయమైంది, అటువైపు బయటికొచ్చింది. పిల్లలు కేకలు పెట్టారు. బాపమ్మ "అవ్వా!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది. నేను చిన్నాయననే చూస్తున్నాను. ఆయన రైలును చూడలేదు. రైలు మాయమైన చోటే చూస్తున్నాడు.

"మంచిగుందన్నా. కొండ గా మూలకే ఎందుకు పెట్టినవ్?"

ఎవరైనా ఒకరు ఆ ప్రశ్న అడగాలని బాపు ఎంత కాలంగా ఎదురుచూశాడో! స్ప్రింగు సంగతి, వెలుతురు సంగతి, మెట్ల సంగతి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఇంజను ఎత్తి చాబీ చూపించాడు. ఆయన ఎంత బాగా చెబితే చిన్నాయన ముఖం అంత బిగుసుకుంది. ఇంత తయారుగా ఉన్న జవాబు నిజమైన జవాబు ఎట్లా అవుతుందని ఆ ముఖం అడుగుతోంది. "ఓ పెద్దమనిషి, సర్కారు నౌకరి చేసేటోడు, పిల్లల ఆట కోసం ఎండాకాలమంతా తలుపులేసుకుంటడా?" అన్నాడు చుట్టాల వైపు తిరిగి. ఎవరూ మాట్లాడలేదు. అంటే అందరూ మాట్లాడినట్టే. "కొండ ఇప్పు."

బాపు రంపం తీసుకుని కొండను నిలువునా కోశాడు. ఎవరి చేతికీ ఇవ్వలేదు, తనే కోశాడు. లోపల ఇనుప జాలీ, సున్నపు గోనెపట్టా, పాత పేపర్లు. ఇంకేం లేవు. చిన్నాయన వంగి బల్ల కిందికి చూశాడు. నేలమీద అరచెయ్యంత కొత్త గచ్చు తెల్లగా కనిపించింది.

"గిదేంది?"

"బల్ల కాలు ఊగుతుంటె సాపు చేసిన."

"తవ్వి చూద్దాం."

"తవ్వొద్దు!" అని అరిచింది బాపమ్మ. "పండుగపూట గడ్డపార దించుతార్ర? నా తలమీద ఒట్టు మర్చిండ్రా?" ఒక్క దెబ్బతో నిజం తేలిపోయేది. ఆ ఒక్క దెబ్బకు ఒట్టు అడ్డం పడింది. అందరూ మెట్లెక్కి పైకి వచ్చేశాం.

నేను శ్రీశైలానికి ఒట్టు వేయలేకపోయింది ఇందుకే. ఆ గచ్చు వేసినప్పుడు నేను అక్కడ లేను. ఆ ఎండాకాలం తాళం నాకూ పడింది. మా బాపు అబద్ధం ఆడడని నాకు తెలుసు. తెలుసు అనుకోవడం వేరు, ఒట్టు వేయడం వేరు. బాపమ్మ మనవరాలిని, మధ్యలో ఉన్న ఆ జానెడు ఖాళీ నాకు జీవితమంతా గుచ్చుకుంటూనే ఉంది. బడిలో, అత్తగారింట్లో, ఆఖరికి బాపు శవం పక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ తెల్ల గచ్చు కళ్ళలో మెదిలింది.

దసరా నాటికి పొయ్యిలు రెండయ్యాయి. పెద్దమనుషులు కూర్చుని ఇల్లు రెండుగా పంచారు. తైఖానాను కూడా స్తంభం దగ్గర గోడ కట్టి పంచాలన్నారు. చిన్నాయన పడమటి సగం అడిగాడు. బాపు వెంటనే సరేనన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే అప్పటికే తీసేసి ఉంటాడని వాడకట్టు తీర్మానించింది. బల్ల మెట్లగుండా బయటికి రాదు, అక్కడే కట్టింది కదా. మేస్త్రీ రంపంతో రెండు చోట్ల కోసి మధ్యన గోడ లేపాడు, చిన్నాయన వైపు దిగడానికి వేరే మెట్లు కట్టాడు. గుండ్రంగా తిరిగే రైలు మా వైపు గోడ దగ్గర మొదలై గోడ దగ్గరే ఆగిపోయేది. బాపు కొన్నాళ్ళు దాన్ని ఎత్తి తిప్పి పెట్టి మళ్ళీ నడిపాడు. ఎక్కడానికి ఎత్తు లేదు, దూరడానికి సొరంగం లేదు. తర్వాత మానేశాడు. అన్నదమ్ములు వాకిట్లో ఎదురైతే "బాగున్నవా?" "ఆఁ, నువ్వు?" అనుకునేవాళ్ళు, చుట్టరికం లేనివాళ్ళలాగా. ఇప్పటి రోజులే నయమనిపిస్తుంది ఒక్కోసారి. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఎవరినీ ఎవరూ నమ్మరు, ఎవరి తలుపు వాళ్ళకుంది, ఎవరికీ నొప్పి లేదు. అప్పుడు నమ్మినవాళ్ళ మధ్య పడ్డది ఆ గోడ.

"ఒట్టు ఎందుకు, పోయి చూద్దాం పా" అన్నాను శ్రీశైలంతో. ఆటో ఎక్కి ఛత్రినాక చేరాం. గడ్డపార అప్పటికే అక్కడ తెచ్చిపెట్టుకుని ఉన్నాడు, నేను అనుకున్నట్టే. వాళ్ళ వైపు తైఖానా తాళం చెవి చిన్నాయన బతికున్నన్నాళ్ళూ మొలతాడుకే ఉండేదట. ఆయన పోయాక అది దొరకలేదు, పాముల భయంతో శ్రీశైలం ఎన్నడూ దిగనూ లేదు. తాళం పగలగొట్టి, ఫోన్ లైటు వేసి దిగాం. నా మోకాళ్ళు మెట్టుమెట్టుకూ తిట్టాయి.

లైటు నేలమీద పడగానే ఇద్దరం ఆగిపోయాం. నేలంతా గుంతలే. అడుగు పెట్టే జాగా లేదు. కొండ కోసిన సగం అట్లాగే ఉంది, బల్ల అట్లాగే ఉంది. తవ్వేటప్పుడు బల్ల కూలకుండా కాళ్ళ పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఏ గుంతా మోకాలి లోతు కూడా లేదు. ప్రతి గుంత అడుగునా ఒకటే నల్లరాయి, రాతిమీద గడ్డపార గీట్లు. ఇల్లంతా ఒకే బండమీద కట్టారు. జానెడు మట్టి కింద చీమ దూరే సందు లేదు, బిందె ఎక్కడ పాతుతారు? కొండ కింద తెల్ల గచ్చు ఉన్న చోటా ఒక గుంత ఉంది. దాని మట్టి మీద మిగతా గుంతల మట్టి పడి ఉంది. అంటే అన్నిటికన్నా ముందు తవ్వింది అక్కడే. శ్రీశైలం అందులో దిగి గడ్డపారతో ఒక్క పోటు పొడిచాడు. ఖణేలుమంది. గడ్డపార పక్కన పెట్టి గుంత అంచున కూర్చుండిపోయాడు.

"అక్కా, మొదటి గుంతకే తెల్సిపోయింది గద మా బాపుకు."

"తెల్సింది."

"మరి గిన్ని ఎందుకు తవ్విండు?"

"ఆపితే పైకొచ్చి మా బాపుకు చెప్పాలె గద."

వాడు ముఖం తుడుచుకున్నాడు. ఇవన్నీ ఎప్పుడు తవ్వాడని అడిగాను. బాపమ్మ సంవత్సరీకం అయిన మర్నాటి నుంచి, రోజూ దుకాణం మూసి వచ్చాక కిందికి దిగేవాడని, సరుకు సర్దుకుంటున్నాడనుకున్నానని చెప్పాడు. అప్పటికి బాపు బతికే ఉన్నాడు. రిటైరై ఇంట్లోనే ఉన్నాడు. ఆ గోడకు అటుపక్కనే.

నాకు చిన్నాయన మీద కోపం వచ్చింది, చచ్చినవాడని కూడా చూడకుండా వచ్చింది. ఇన్నేళ్ళ అనుమానం దిగిపోయిన సంతోషం రావలసిన చోట ఏడుపు వచ్చింది. ఎందుకంటే ఆ ఏడాది నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు చూసింది గుర్తొచ్చింది. సాయంత్రం కాగానే బాపు తైఖానాలోకి దిగి, రైలు జోలికి పోకుండా, గోడ పక్కన స్టూలేసుకుని ఊరికే కూర్చునేవాడు. ఏదో కాపలా కాస్తున్నాడనే అనుకున్నాను నేను కూడా. ఒకరోజు టీ ఇవ్వడానికి దిగాను. అవతల ఠంగుఠంగుమని చప్పుడు వస్తోంది, అది గడ్డపారదని అప్పుడు నాకు తట్టలేదు. కాసేపటికి ఆగిపోయింది. బాపు టీ కప్పు అందుకోకుండా లేచి నిలబడి, పంచె సర్దుకుని మెట్లవైపు చూశాడు.

"మీ అమ్మకు చెప్పు బిడ్డా, ఇంకో కప్పు చాయ పెట్టుమని. అయిపోయినట్టున్నది. ఇగ వస్తడు."